గన్నేరంటే ఏ గన్నేరు?

బిల్డింగ్ ప్లాన్‌లో గోడ గీస్తే అది గోడేనని చూడగానే తెలుస్తుంది. తలుపు తలుపులా, మెట్లు మెట్లలా కనిపిస్తాయి. పక్కన ఒక్క అక్షరం లేకపోయినా అనుభవం ఉన్న మేస్త్రి సగానికి పైగా పట్టేస్తాడు. తోట ప్లాన్ సంగతి అలా కాదు. పైనుంచి చూస్తే వేప చెట్టూ సున్నాయే, రావి చెట్టూ సున్నాయే, మందార పొదా సున్నాయే. సున్నా అంచున ఆకులు గీసినా, లోపల కొమ్మలు గీసినా, అది ఏ చెట్టో ఆ బొమ్మ చెప్పదు. పక్కన రాసిన పేరు చెప్పాలి.

అందుకే ల్యాండ్‌స్కేప్ డ్రాయింగ్‌లో లెటరింగ్‌ని చివర్లో చేసే అలంకారంలా చూడటం నాకు నచ్చదు. ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో మనందరం గళ్లు గీసుకుని, ఏ నుంచి జెడ్ దాకా ఒక షీటంతా నింపి, మార్కులు వేయించుకుని, ఆ షీటుని అటకెక్కించాం. సీఎస్‌ఈ వాళ్లు డ్రాఫ్టర్‌ని కూడా జూనియర్లకి అమ్మేశారు. నేను సివిల్ కాబట్టి నాది ఇంకా గదిలోనే ఉంది. ఆ షీటు వెనక ఉన్న లెక్క ఎంత పనికొచ్చేదో నాకు తోట ప్లాన్లు గీయడం మొదలుపెట్టాకే తెలిసింది.

ముందు గన్నేరు గొడవ చెబుతాను. తెలుగులో గన్నేరు అనే మాట ఉన్న మొక్కలు కనీసం నాలుగున్నాయి. ఉత్త గన్నేరు అంటే రోడ్డు డివైడర్ల మీద గులాబీ, తెలుపు రంగుల్లో పూసే పొద. పచ్చగన్నేరు పసుపు పూలది, దాని గింజలు విషమని పల్లెల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గుళ్ల దగ్గర రాలిపడే తెల్లటి మందపాటి పూలు దేవగన్నేరువి. ఇక నిద్రగన్నేరు ఈ మూడింటికీ ఏమీ కాని మహావృక్షం. సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి ఆ పేరు. చోటు దొరికితే దాని గొడుగు 20 మీటర్లు దాటి పరుచుకుంటుంది.

ఇప్పుడు ఒక ప్లాన్ ఊహించుకోండి. ఆటస్థలం చివర్న నీడ కోసం పెద్ద సున్నా గీసి, లోపల 'నిద్రగన్నేరు' అని రాశారు. ఆ తర్వాత గడ్డిని చూపించడానికి చుట్టూ చుక్కలు పెట్టారు. పేరులో సగం చుక్కల కింద పడింది. షీటుని ఎ3కి తగ్గించి జిరాక్స్ తీసేసరికి 'నిద్ర' మాయమై 'గన్నేరు' మిగిలింది. నర్సరీ నుంచి పొదలొస్తాయి. నీడ రావలసిన చోట, అదీ పిల్లలాడే చోట, విషపు పాలు కారే పొద వస్తుంది. ఇదే తప్పు తిరగబడితే ఇంకా ఘోరం. కాంపౌండ్ గోడ పక్కన మీటరున్నర వెడల్పు పట్టీలో వేయాల్సిన గన్నేరుకి బదులు నిద్రగన్నేరు దిగితే, ఆ గోడ సంగతి వేళ్లే చూసుకుంటాయి. కాంక్రీటులో తేడా ఉంటే 28 రోజుల క్యూబ్ టెస్టులో బయటపడుతుంది. చెట్టులో తేడా బయటపడేసరికి మనం పాసై పదేళ్లవుతుంది.

ఎంత ఎత్తు?

లెటరింగ్ గురించి ఎవరడిగినా ముందు ఎత్తే చెబుతాను. స్టైల్ తర్వాత. మన ఐఎస్ 9609 అయినా, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 3098 అయినా, అక్షరం ఎత్తుకి ఒక వరస ఇస్తాయి: 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. ఈ అంకెలు ఎవరికో నచ్చి పెట్టినవి కావు. ప్రతిదీ ముందుదానికి రూట్ 2 రెట్లు, అంటే సుమారు 1.414 రెట్లు. మన ఎ-సైజు కాగితాలు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయి. కాబట్టి ఎ1 షీటుని ఎ2కి తగ్గిస్తే 7 ఎత్తు అక్షరం 5 అవుతుంది, 5 ఎత్తుది 3.5 అవుతుంది. మళ్లీ వరసలోకే వచ్చి కూర్చుంటుంది. పెన్నులూ అంతే. బి-రకం లెటరింగ్‌లో గీత మందం ఎత్తులో పదో వంతు, అంటే 3.5 అక్షరానికి 0.35 పెన్ను, 5 అక్షరానికి 0.5 పెన్ను. షాపులో 0.25, 0.35, 0.5, 0.7 అని పెన్నులు దొరకడం వెనక కథ ఇదే. ఎ-రకం గీత ఇంకా సన్నం, ఎత్తులో పద్నాలుగో వంతు. జిరాక్స్ మెషీన్ల పాలబడే డ్రాయింగులకి నేను బి-రకమే వాడతాను.

ఇక్కడే మనవాళ్లు దెబ్బతినే లెక్క ఒకటుంది. ల్యాండ్‌స్కేప్ షీట్లు ఎక్కువగా ఎ1 మీద గీస్తారు. సైటుకి వెళ్లేది మాత్రం ఎ3 కాపీ. ఎ1 నుంచి ఎ3 అంటే సరిగ్గా సగం. 3.5 అక్షరం 1.75 అవుతుంది, 2.5 అక్షరం 1.25కి పడిపోతుంది. ఎర్రటి ఎండలో, మడతలు పడిన కాగితం మీద, మట్టి చేతులతో 1.25 మిల్లీమీటర్ల అక్షరం చదవమనడం అన్యాయం. ఎ3 కాపీలో కనీసం 2.5 ఉండాలనుకుంటే ఎ1లో మొక్క పేరు 5 ఎత్తున రాయాలి. అంత పెద్దగా రాస్తే షీటు నిండిపోతుందని భయమేస్తుంది, నిజమే. అప్పుడు పేర్లని తగ్గించుకోవాలి, అక్షరాలని కాదు. ఎలాగో కింద చెబుతాను.

ఆటోక్యాడ్‌లో గీసేవాళ్లకి ఇదే లెక్క ఇంకో రూపంలో వస్తుంది. 1:200 స్కేలులో కాగితం మీద 3.5 కావాలంటే మోడల్ స్పేస్‌లో అక్షరం 700 మిల్లీమీటర్లుండాలి. 5 కావాలంటే ఒక మీటరు. తెర మీద జూమ్ చేసి చూస్తే ఏ అక్షరమైనా పెద్దగానే కనిపిస్తుంది కాబట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని కంటితో ఎత్తు నిర్ణయించకూడదు. అనొటేటివ్ టెక్స్ట్ పెట్టుకుంటే ఈ గుణింతం సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది.

చేత్తో రాసేటప్పుడు

అందరూ క్యాడ్‌లోనే గీస్తుంటే చేతిరాత ఎందుకని అడగొచ్చు. కాన్సెప్ట్ షీట్లు, సైటులో అప్పటికప్పుడు వేసే స్కెచ్‌లు ఇప్పటికీ చేత్తోనే నడుస్తాయి. చేత్తో రాసినవాడికి ఖాళీ విలువ తెలుస్తుంది, ఆ తెలివి క్యాడ్‌లోనూ పనికొస్తుంది.

గైడ్‌లైన్లు లేకుండా రాయొద్దు. పదేళ్లుగా గీస్తున్నవాళ్లు కూడా గీసుకునే రాస్తారు. 4హెచ్ పెన్సిల్‌తో కనీకనిపించకుండా రెండు గీతలు చాలు. ట్రేసింగ్ షీటు మీద రాస్తుంటే ఆ శ్రమ కూడా అక్కర్లేదు, కింద గ్రాఫ్ షీటు పెట్టుకోండి. మిల్లీమీటర్ గళ్లు పైకి కనిపిస్తాయి, 5 ఎత్తు కావాలంటే ఐదు గళ్లు లెక్కపెట్టుకోవడమే. పది రూపాయల గ్రాఫ్ షీటు ఎంత పని చేస్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

గీతని ఎప్పుడూ లాగాలి, తోయకూడదు. నిలువు గీత పైనుంచి కిందకి, అడ్డగీత ఎడమ నుంచి కుడికి. గీత మొదట్లో, చివర్లో కొంచెం నొక్కి, మధ్యలో మామూలుగా వదిలితే రెండు కొసలూ స్పష్టంగా నిలబడతాయి. జిరాక్స్‌లో ముందు పోయేవి కొసలే. ఆర్కిటెక్చర్ వాళ్ల దగ్గర ఇంకో కిటుకుంది: నిలువు గీతలన్నీ చిన్న సెట్‌స్క్వేర్ ఆనించి గీస్తారు, మిగతావి చేత్తో వేస్తారు. నిలువులన్నీ ఒకే తీరుగా ఉంటే మిగతా వంకరలు కంటికి ఆనవు. మొదటి రోజు నత్తనడకలా ఉంటుంది కానీ వారం తిరిగేసరికి చెయ్యి పడుతుంది. రాసేటప్పుడు అరచేతి కింద ఒక తెల్ల కాగితం ఉంచుకోండి, లేకపోతే చెమటకి పెన్సిల్ పొడి అంటుకుని షీటంతా మసకబారుతుంది.

అక్షరాల మధ్య దూరం స్కేలుతో కొలిచి సమానంగా పెడితే చూడటానికి సమానంగా ఉండదు. నిలువు గీతలున్న ఐ, హెచ్ లాంటివి పక్కపక్కనుంటే ఇరుకనిపిస్తుంది. ఏ, వీ లాంటి ఏటవాలు అక్షరాలు పక్కపక్కనుంటే మధ్యలో గుంత పడినట్టుంటుంది. అక్షరాల మధ్య ఇసుక పోస్తున్నామనుకుని, ప్రతి సందులో ఒకే అంత ఇసుక పట్టేలా చూడాలి. దూరం కాదు, వైశాల్యం సమానం కావాలి.

'ఆర్కిటెక్ట్ రాత' అనే ఆ అందమైన పెద్దక్షరాల స్టైల్‌కి మనలో చాలామంది అభిమానులున్నారు. దానికి ప్రపంచమంతా పేరు తెచ్చినవాళ్లలో ఫ్రాన్సిస్ చింగ్ ఒకరు. 1975లో వచ్చిన ఆయన 'ఆర్కిటెక్చరల్ గ్రాఫిక్స్' చేతిరాత పుస్తకమే. ఆయన రాత ఆధారంగానే డేవిడ్ సీగెల్ 1989లో అడోబీకి 'టెక్టన్' అనే ఫాంట్ చేశాడు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. అయితే చింగ్ రాతని అనుకరించేవాళ్లు ఆయన క్రమశిక్షణ వదిలేసి తోకలు మాత్రం పట్టుకుంటారు. ఆర్ కాలు అరంగుళం బయటికి తన్నుతుంది, ఈ మధ్యగీత ఎక్కడో అడుగున ఉంటుంది. స్టైల్ ఏదైనా సరే, షీటులో ఉన్న ప్రతి ఆర్ ఒకేలా ఉంటే చదువుకోవచ్చు. ఒక్కో ఆర్ ఒక్కో తీరుగా ఉంటే ఎంత అందమైనా అడ్డమే.

ముందు పేరు, తర్వాత గడ్డి

బిల్డింగ్ డ్రాయింగ్‌లో కాగితం చాలావరకు తెల్లగానే ఉంటుంది. తోట డ్రాయింగ్‌లో అలా కాదు. గడ్డికి చుక్కలు, నీళ్లకి అలలు, రాతి పరుపుకి గళ్లు, చెట్ల కింద నీడలు. అక్షరానికి తోట డ్రాయింగ్‌లో అసలు శత్రువు ఈ టెక్స్చరే. కాబట్టి పని వరస మార్చుకోవాలి. ముందు మొక్కల సున్నాలు, తర్వాత పేర్లు, ఆ తర్వాత పేర్ల చుట్టూ అక్షరం ఎత్తులో సగమంత ఖాళీ వదిలి టెక్స్చర్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. టెక్స్చర్ గీయడం సరదా కాబట్టి అది ముందు కానిచ్చి, పేర్లని సబ్మిషన్ రోజు తెల్లవారుజామున మూడింటికి ఎక్కడ సందుంటే అక్కడ ఇరికిస్తారు. క్యాడ్‌లో అయితే ఎంటెక్స్ట్‌కి బ్యాక్‌గ్రౌండ్ మాస్క్ పెట్టుకుంటే హ్యాచింగ్ అక్షరాల వెనక్కి తగ్గుతుంది.

పేరు సున్నా లోపల పట్టకపోతే లీడర్ గీత లాగాలి. దాని కొస ఎలా ఉండాలన్నది మన ఇంజనీరింగ్ డ్రాయింగ్ పాఠంలోనే ఉంది: గీత వస్తువు లోపల ఆగితే చుక్క, అంచు మీద ఆగితే బాణం. మెకానికల్ వాళ్లు రోజూ వాడే ఈ నియమం తోటలో చాలా పని చేస్తుంది. చెట్టుకి కాండం ఉండేచోట చుక్క, పూలమడికి మడి లోపల చుక్క, మడి చుట్టూ ఉండే ఇటుక అంచు గురించి చెప్పాలంటే అంచుని తాకే బాణం. ఒకే మడిలో మొక్కకీ ఇటుకకీ తేడా ఆ కొసే చెబుతుంది. లీడర్లు ఒకదాన్నొకటి దాటకూడదు. వీలైనంతవరకు ఒకే కోణంలో ఉండాలి, వాటి పేర్లు ఒకే నిలువు వరసలో ఎడమ అంచు కలిసేలా నిలబడాలి. కాంటూర్ గీతల మధ్య లాగితే లీడర్ కూడా కాంటూర్‌లాగే కనిపిస్తుంది. అక్కడ ఒంపుల లీడర్ వద్దు, తిన్నటిదే గీయండి.

పొదల విషయంలో ఒక్కోదానికి పేరు రాయడం అయ్యే పని కాదు. 60 సెంటీమీటర్ల దూరంలో వేసే నూరువరహాలు 1:200 స్కేలులో 3 మిల్లీమీటర్లకొకటి వస్తాయి. మొక్క కంటే అక్షరం పెద్దదవుతుంది. ఒకే రకం సున్నాల మధ్యబిందువుల్ని సన్నటి గీతతో కలిపి, చివర్న ఒకే ఒక్క లీడర్ లాగి, 'నూరువరహాలు 45' అని పేరుతో పాటు ఎన్నో కూడా రాస్తే సరి. అంకె ఉంటే నర్సరీ లెక్క, గుంతల లెక్క రెండూ ప్లాన్‌లోనే సరిచూసుకోవచ్చు. అక్షరాలు తగ్గించకుండా పేర్లు తగ్గించమన్నది ఇదే.

ఇంకా తగ్గించాలంటే కోడ్‌లు పెట్టుకుని, షీటు పక్కన మొక్కల పట్టిక ఇవ్వాలి. శాస్త్రీయ నామంలో మొదటి మాట నుంచి రెండక్షరాలు, రెండో మాట నుంచి రెండక్షరాలు తీసుకోవడం చాలామంది అలవాటు. వేప అంటే అజాడిరక్టా ఇండికా, కాబట్టి ఏజెడ్-ఐఎన్. తురాయి అంటే డెలోనిక్స్ రీజియా, కాబట్టి డీఈ-ఆర్ఈ. బాగానే ఉందనిపిస్తుంది. రావి చెట్టు దగ్గరికొచ్చేసరికి అసలు తమాషా మొదలవుతుంది. రావి ఫైకస్ రెలిజియోసా. నర్సరీల్లో ఫైకస్ రెట్యూసా అనే పేరుతో అమ్మే మొక్కని కత్తిరించి కంచెలా పెంచుతారు. రెండింటి కోడూ ఎఫ్ఐ-ఆర్ఈ! మొదటి మూడక్షరాలు చూస్తే పోలీస్ స్టేషన్ గుర్తొస్తే తప్పు మీది కాదు. గోడ పొడవునా కంచె వేయమని గీసిన చోట రావి మొక్కలు వరసగా పెడితే నిజంగానే ఎఫ్‌ఐఆర్ దాకా పోవచ్చు. ఇంకో జంట చూడండి. నిద్రగన్నేరు సమానియా సమాన్, దాని కోడ్ ఎస్ఏ-ఎస్ఏ. అసలైన అశోకం సరాకా అశోకా, దాని కోడ్ ఎస్ఏ-ఏఎస్. గబగబా రాసిన చేతిలో ఈ రెండూ ఒకటే. కోడ్‌లు తయారయ్యాక వాటినన్నిటినీ ఒక కాగితం మీద కింద కింద రాసుకుని, ఏ రెండు కలుస్తున్నాయో చూసి, వాటికి ఇంకో అక్షరం కలపాలి.

అశోకం అన్నాను కాబట్టి ఇంకో మాట. వీధుల పక్కన కొవ్వొత్తిలా నిటారుగా పెరిగే చెట్టుని మనందరం అశోక అంటాం, నర్సరీ వాళ్లూ అలాగే అమ్ముతారు. అది పాలియాల్థియా లాంగిఫోలియా, తెలుగులో నరమామిడి. ఎర్రటి పూలగుత్తులు పూసే అసలు అశోకం వేరు. ప్లాన్‌లో 'అశోక' అని మాత్రమే రాస్తే వచ్చేది నరమామిడే. అందుకే పట్టికలో వాడుక పేరు, శాస్త్రీయ నామం రెండూ ఉండాలి.

శాస్త్రీయ నామం రాయడంలో డ్రాఫ్టింగ్ అలవాటుకీ వృక్షశాస్త్ర నియమానికీ ఒక చిన్న తగువుంది. మనం డ్రాయింగ్ మీద అన్నీ పెద్దక్షరాల్లోనే రాస్తాం. వృక్షశాస్త్రంలో మొదటి మాట మొదటి అక్షరమే పెద్దది, రెండో మాట మొత్తం చిన్నక్షరాలు. అచ్చులో ఇటాలిక్, చేతిరాతలో అయితే కింద గీత. మనుషులు సృష్టించిన ప్రత్యేక రకమైతే ఆ పేరు ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య. నా తీర్పు ఇది: ప్లాన్ మీద కోడ్‌లు పెద్దక్షరాల్లో ఉండనివ్వండి, పట్టికలో మాత్రం వృక్షశాస్త్రం మాటే వినండి. అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే ఎక్కడిదాకా జాతి పేరు, ఎక్కడ్నుంచి ప్రత్యేక రకం పేరు అన్నది కలగలిసిపోతుంది. నర్సరీలో ధర మారేది ఆ చివరి మాట దగ్గరే.

తెలుగులో రాయాల్సి వస్తే

ఇప్పటిదాకా చెప్పినవి పుస్తకాల్లో దొరుకుతాయి. గ్రాంట్ రీడ్ 'ల్యాండ్‌స్కేప్ గ్రాఫిక్స్'లో లెటరింగ్ గురించి బాగా రాశాడు. తెలుగు లెటరింగ్ గురించి మాత్రం నాకు ఏ డ్రాయింగ్ పుస్తకంలోనూ కనబడలేదు. కానీ గుంత తవ్వి మొక్క పెట్టే మనిషికి తెలిసిన లిపి అదే. మా ఎన్‌ఎస్‌ఎస్ తరఫున హాస్టల్ వెనక స్థలానికి మొక్కల ప్లాన్ వేసినప్పుడు, తోటపని చూసే తాత ఇంగ్లీషు కోడ్‌లున్న షీటుని అటూ ఇటూ తిప్పి, "ఈ సున్నలన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి బిడ్డా, ఏది యాపనో ఏది కానుగనో రాతలనే గద తెల్వాలె" అన్నాడు. ల్యాండ్‌స్కేప్ డ్రాయింగ్ మీద ఇంతకంటే మంచి క్రిటిక్ ఏ జ్యూరీలోనూ వినలేదు. అప్పటి నుంచి సైటుకిచ్చే కాపీ మీద తెలుగు పేర్లు వేస్తున్నాం.

రాయడం మొదలుపెడితే తెలిసింది, ఇంగ్లీషు గైడ్‌లైన్లు తెలుగుకి సరిపోవని. ఇంగ్లీషు పెద్దక్షరానికి పైనొకటి కిందొకటి, రెండు గీతలు చాలు. తెలుగు అక్షరానికి నడిమి భాగం ఒకటి, పైన గుడి, ఏత్వం, ఓత్వం వచ్చే భాగం ఒకటి, కింద ఒత్తులు వచ్చే భాగం ఒకటి, మొత్తం మూడు అంతస్తులు. వేప, రేల, పొగడ, కానుగ, రావి లాంటి పేర్లకి కింది అంతస్తు అవసరమే లేదు. 'నిద్రగన్నేరు' రాసి చూడండి, ఐదక్షరాల్లో రెండు చోట్ల కిందికి దిగాలి, రెండు చోట్ల పైకెక్కాలి. నేను వాడే లెక్క ఇది: నడిమి భాగం 5 మిల్లీమీటర్లైతే పైన 3, కింద 4. అంటే ఒక వరసకి 12. ఇంగ్లీషులో ఇదే ఎత్తు రెండు వరసల్ని 8 మిల్లీమీటర్ల ఎడంలో రాసేయొచ్చు. తెలుగులో అలా రాస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్లో చిక్కుకుంటాయి. మొక్కల పట్టిక గీసేటప్పుడే తెలుగు గడి ఎత్తు పెంచుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

సెట్‌స్క్వేర్ కిటుకు తెలుగులో పనిచేయదు, నిలువు గీతలే లేవు కదా. తాటాకు మీద గంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి మన లిపి గుండ్రమైందని అంటారు. కారణం ఏదైనా, గుండ్రటి అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా గీస్తే అతుకులు కనిపిస్తాయి. గుండ్రటి మొన ఉన్న పెన్సిలో, 0.5 పెన్నో పట్టుకుని వీలైనంతవరకు ఒకే లాగులో తిప్పాలి. వరస తిన్నగా కనిపించడానికి మనకి ఇంగ్లీషుకి లేని సాయం ఒకటుంది, అది తలకట్టు. తలకట్లన్నీ పై గైడ్‌లైన్ మీద ఒకే ఏటవాలులో కూర్చుంటే, కింద అక్షరాలు కాస్త అటూ ఇటూ ఊగినా వరస చెదిరినట్టుండదు.

కాపీ తగ్గించినప్పుడు ఏ అక్షరాలు దెబ్బతింటాయో కూడా చూసుకోవాలి. ఇంగ్లీషులో ఓకీ సున్నాకీ, ఐకీ ఒకటికీ, ఎస్‌కీ ఐదుకీ గొడవ. తెలుగులో థ, ధల మధ్య ఉన్న తేడా కడుపులోని చుక్క ఒక్కటే. గీత మందమైతే అది కరిగిపోతుంది. వ, ప దాదాపు ఒకే ఒడ్డూ పొడుగూ ఉన్న అక్షరాలు, గీత ఎక్కడ కలిసింది, ఎక్కడ తెరిచి ఉంది అన్నదే ఆధారం. 'వేప'లో రెండూ ఉన్నాయి. అందుకే కొత్త పెన్నో కొత్త ఫాంటో పరీక్షించాలంటే నేను రాసే మొదటి మాట వేప. 2.5 ఎత్తులో కూడా అది వేపలాగే కనిపిస్తే ఆ పెన్ను పనికొస్తుంది. అంకెలు మాత్రం 1, 2, 3లే వాడండి, తెలుగు అంకెలు చదివేవాళ్లు ఇప్పుడు తక్కువ.

క్యాడ్‌లో 'రోమన్స్' లాంటి ఎస్‌హెచ్ఎక్స్ ఫాంట్లలో తెలుగు లేదు, ప్రశ్నార్థకాలు వస్తాయి. టెక్స్ట్ స్టైల్‌లో యూనికోడ్ ట్రూటైప్ ఫాంట్ పెట్టుకోవాలి. మండలి, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. పేర్లకి మండలి బాగుంటుంది. రామభద్ర బాగా మందం, శీర్షికకే సరిపోతుంది. తెలుగు ఫాంట్లలో పైన గుడికీ కింద ఒత్తుకీ చోటు వదలాలి కాబట్టి, అదే ఎత్తు ఇచ్చినా అక్షరం నడిమి భాగం ఇంగ్లీషు కంటే చిన్నగా పడొచ్చు. ఇంగ్లీషుకి ఇచ్చిన అంకే ఇచ్చి ఊరుకోకుండా ప్రింట్ తీసి స్కేలు పెట్టి కొలవండి.

లెవెల్ అంకెలు

మొక్కల తర్వాత జాగ్రత్తగా రాయాల్సింది లెవెల్స్. వాన నీరు ఎటు పోవాలో చెప్పేవి అవే. కాంటూర్ గీత మీద అంకె రాసేటప్పుడు గీతని తెంపి, ఆ సందులో రాస్తారు. అంకె తల ఎత్తు వైపుకి ఉండేలా రాయడం మంచి ఆనవాయితీ. అప్పుడు ఒక్క అంకె చూసినా వాలు ఎటో తెలిసిపోతుంది. దీంతో చిక్కేమిటంటే కొన్ని అంకెలు తలకిందులుగా పడతాయి. 98ని తిరగేస్తే 86. కాబట్టి లెవెల్ ఎప్పుడూ దశాంశంతో, 98.00 అని రాయాలి. తిరగేసినా దశాంశ బిందువు ఎటుందో చూసి తేరుకోవచ్చు. ఉన్న నేల కాంటూర్లు తెగిన గీతలుగా, మనం మార్చబోయేవి నిండు గీతలుగా గీయడం చాలాచోట్ల ఉంది. అంకెల్లో కూడా ఆ తేడా చూపిస్తే, అంటే పాతవి సన్నగా, కొత్తవి మందంగా రాస్తే, జేసీబీ నడిపేవాడికి మట్టి ఎక్కడ తీయాలో ఎక్కడ పోయాలో అడగాల్సిన పని తగ్గుతుంది.

షీటు పూర్తయ్యాక నేను చేసే పరీక్ష చాలా చిన్నది. ఎ3కి తగ్గించిన జిరాక్స్ ఒకటి, బ్లాక్ అండ్ వైట్‌లోనే, దొరికిన వాటిలో అన్నిటికంటే పాత మెషీన్ మీద తీయిస్తాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, ఆ ప్లాన్ ఎప్పుడూ చూడని ఫ్రెండ్‌కి ఆరుబయట ఎండలో ఇచ్చి, మొక్కల పేర్లు పైకి చదవమంటాను. ఈసీఈ వాళ్లైతే మరీ మంచిది, మొక్కల పేర్లు ఊహించి చదివేయలేరు. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకుంటాను. కిందటి షీటుకి ఏడు చుక్కలొచ్చాయి. అందులో ఐదు మడత మీద పడ్డ పేర్లు. అప్పటి నుంచి ఎ3 మడతలు ఎక్కడ వస్తాయో ముందే సన్నగా గీసుకుని, ఆ గీతల మీద పేర్లేవీ రాకుండా చూస్తున్నాను.